పిన్నమ్మ అతికించిన రోజులు

మా పక్కింటి పిన్నమ్మ పోయిందన్న కబురు నాకు నందిగామ సంతలో తెలిసింది. ఒకావిడకి రిబ్బను కొలిచి ఇస్తున్నాను. జగ్గయ్యపేట నుంచి వచ్చిన బొగ్గుబస్సు క్లీనరు మసి చేతులు లుంగీకి తుడుచుకుంటూ నేను సరుకు పరిచిన దుప్పటి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "మీ గోడ పక్కన సాయిబుల పెద్దావిడ తెల్లారుజామున పోయిందంటండి. మీ ఇంట్లోవాళ్ళు చెప్పమన్నారు," అన్నాడు. రిబ్బను చేతిలో అలాగే ఉండిపోయింది. ఎన్ని మూరలు కొలిచారండీ అని ఆవిడ అడుగుతోంది. ఎన్నో నాకు గుర్తు రాలేదు.

సరుకంతా మూట కట్టి అదే బస్సు ఎక్కాను. ఎక్కితే సరిపోతుందా, అది కదలాలి కదా. యుద్ధం అయిపోయి ఇన్నేళ్ళయినా మా బస్సు ఇంకా బొగ్గు మీదే నడుస్తోంది. సగం దారిలో వెనక పొయ్యిలో నిప్పు చల్లారింది. క్లీనరు దిగి పొయ్యికి గాలి కొట్టే చక్రం తిప్పటం మొదలుపెట్టాడు, తిప్పుతూనే ఉన్నాడు. మూట ఒళ్ళో పెట్టుకుని కిటికీకీ ఒక లావుపాటి పెద్దమనిషికీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. దిగి నడుద్దామంటే ఇంకా ఏడు మైళ్ళుంది. కూర్చుంటే అక్కడ మట్టి అయిపోతుంది, వాళ్ళలో ఆలస్యం చెయ్యరు. దిగనూ లేను, కూర్చోనూ లేను.

నేను చేరేసరికి తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి కూడా వచ్చేశారు. వాళ్ళ అరుగుకి ఎప్పుడూ వేలాడే గోనెపట్టా తెర చుట్టి పైకి కట్టేసి ఉంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచి వీధిలో నిలబడితే ఆ ఇంటి లోపలి గోడ కనపడటం అదే మొదలు.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. నేను రాసేవాణ్ణి కాను. జగ్గయ్యపేట బజారులో రిబ్బన్లు, పిన్నీసులు, పలకలు, సిరా బిళ్ళలు అమ్ముకునేవాణ్ణి. సంత రోజున నందిగామ పోయి అవే అమ్ముతాను. కొట్లో కూర్చుని మాట్లాడినట్టే రాస్తాను, మీరూ అలాగే చదువుకోండి.

పిన్నమ్మ అని పిలిచేవాణ్ణి గానీ మాకూ వాళ్ళకీ చుట్టరికం ఏమిటి, ఒకటే గోడ, అంతే. ఆవిడ భర్తని బాబాయి అనేవాణ్ణి. బాబాయి పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. బడి పుస్తకాలు, కరణంగారి దస్త్రాలు, మసీదులో ఖురాన్లు, బ్రాహ్మల ఇళ్ళలో పంచాంగాల కట్టలు, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. పేరు ఆయనది గానీ జిగురు ఉడికించేది, కాయితాలు మడిచేది, దారానికి మైనం పట్టించేది పిన్నమ్మ. ఆవిడకి చదువు రాదు. తను కుట్టిన పుస్తకాల్లో ఒక్క అక్షరం చదివి ఎరగదు. తలకిందులుగా కుట్టకుండా ఉండటానికి బాబాయి ప్రతి పుస్తకం మొదటి పేజీ మూల మసితో చిన్న చుక్క పెట్టి ఇచ్చేవాడు.

వాళ్ళింట్లో ఘోషా. పిన్నమ్మ బయటికి రావటమంటే ఏడాదికి ఒకటి రెండుసార్లు, బుర్ఖా వేసుకుని, తెర కట్టిన బండిలో, బాబాయి పక్కన. మిగతా రోజులన్నీ ఒక గది, ఒక దొడ్డి, ఒక అరుగు. తెరకీ గోడకీ మధ్య బెత్తెడు సందు. ఆ బెత్తెడులోంచే ఆవిడకి ఊరు తెలుసు. నన్ను పసివాడప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషి కనక నా ముందు మాత్రం ముఖం దాచుకునేది కాదు.

కిందటేడు సరిహద్దు గొడవల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మన పేటనుంచి పడమటికి కాస్త పోతే నైజాం. ఆ ఏడు ఎండలు ముదరకముందు కోదాడ అవతల ఒక ఊళ్ళో దర్గా వాళ్ళు పాత పుస్తకాలు బాగుచెయ్యమని బాబాయికి కబురు పెట్టారు. నెల రోజుల పని. సంచిలో కత్తి, దబ్బనాలు, కొయ్యసుత్తి వేసుకుని వెళ్ళాడు. వెళ్ళిన పదిహేను రోజులకి దారి మూసుకుపోయింది. అటునుంచి జనం పిల్లల్ని చంకనేసుకుని, తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని మన పేటకొచ్చి చెట్ల కింద దిగారు. ఇటునుంచి అటు పోయేవాడు లేడు, ఉత్తరం ముక్క లేదు.

నెలన్నారు కదా, వస్తాడులే అని సరిపెట్టుకుంది పిన్నమ్మ మొదట. రెండో నెలలో ఒకరోజు గోడ మీంచి మా ఆవిణ్ణి పిలిచి అడిగింది. ఆయన వచ్చాక, నేను లేనప్పుడు ఊళ్ళో ఏమేం జరిగినయ్యి అంటాడు, ఒక్కటీ వదలకుండా చెప్పాలి, నాకేమో గుర్తుండదు, రాసుకుందామంటే రాయటం రాదు, ఎట్లాగ అని. మా ఆయన ఉన్నాడుగా పిన్నమ్మా, ఊళ్ళో కబుర్లన్నీ ఆయన కొట్లోనే దొరుకుతయ్యి అని మా ఆవిడ నవ్విందట. పిన్నమ్మకి ఆ ఏర్పాటు నచ్చలేదు. మర్నాడే పుస్తకం మొదలుపెట్టింది.

రోజుకో పేజీ. రాయటం రాదు కాబట్టి అతికించటం.

ఇవి కంట్రోలు రోజులు, కాయితం ఎక్కడిది. నా కొట్టుకి సరుకు చుట్టి వచ్చే గోధుమరంగు కాయితం, బెల్లం బుట్టల్లో పరిచే కాయితం, గోడలకంటించే ప్రకటన కాయితాల వెనకవైపు. వాటిని రెండేసి మూడేసి కలిపి అతికి, తిరగలి రాయి కింద నొక్కి మందం చేసేది. జిగురు చింతగింజలది. గింజలు వేయించి పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, సన్నటి సెగ మీద ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేది. పూర్తిగా చల్లారితే గానీ ముట్టుకోనిచ్చేది కాదు. "వేడిమీద పెడితే కాయితం ముడుచుకుపోద్ది. మనుషుల్లాగే," అనేది.

రంగులు కూడా ఇంట్లోవే. పసుపు ఉంది, అందులో సున్నం పడితే ఎరుపు. దీపం మసి నలుపు. బట్టలకి పెట్టే నీలిమందు నీలం. దొడ్లో పాకిన బచ్చలితీగ పళ్ళు పిండితే వంకాయ రంగు. బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దితే పువ్వు. తలుపు మేకుల మీద కాయితం పరిచి బొగ్గుతో రుద్దితే తలుపు తలుపంతా కాయితం మీదికి వచ్చేసేది. పీర్ల పండక్కి ఆవిడ పుట్టింటివాళ్ళు తగరపు కాయితాలు కత్తిరించి అలంకరించేవాళ్ళట, ఆ కత్తెర పని చేతిలో అలాగే ఉంది. పువ్వు కత్తిరిస్తే రేకు రేకుకీ మధ్య గాలి ఆడేది.

ఆవిడకి ఒక నియమం. ఆ రోజు ఊళ్ళో ఏం జరిగిందో దాని తాలూకు ముక్క ఒకటి ఆ పేజీలో ఉండి తీరాలి. తనకేమో గడప దాటే వీల్లేదు. తెచ్చిపెట్టే పని నా మీద పడింది.

సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికొస్తూ వాళ్ళ అరుగు దగ్గర ఆగేవాణ్ణి. సందులోంచి చెయ్యి బయటికొచ్చేది. "ఇవాళ ఏం తెచ్చావు నాయనా?"

ఒకరోజు కొత్తరకం అగ్గిపెట్టె మీది బొమ్మ చించి ఇచ్చాను.

"ఇది ఊళ్ళో జరిగిందా, నీ కొట్లో అమ్ముడుపోక మిగిలిందా?"

"కొత్తగా వచ్చింది పిన్నమ్మా. ఇవాళే."

"అట్లా అయితే సరే. మీ బాబాయి చుట్ట కాల్చేవాడు కదా, ఆయనకి పనికొస్తది."

పక్క వీధిలో బారసాల అయితే ఉయ్యాల గుడ్డ అంచు పోగులు తెచ్చాను. తుఫాను గాలికి పడిపోయిన కొట్టు పెంకు ముక్క తెస్తే దాన్ని నూరి ఎర్రరంగు చేసింది. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళ బండి చక్రానికి పెట్టే కందెన తెచ్చాను. తొలకరి చినుకులు పడ్డ రోజున నేనేమీ తేనక్కర్లేకపోయింది. తడి నీలిమందు పూసిన కాయితాన్ని ఆ బెత్తెడు సందులోంచి బయటికి చాపి పట్టుకుంది. ఒక్కో చినుకూ పడి విచ్చుకుని, అంచులు తెల్లబడి, కాయితం నిండా నీళ్ళే. నా దగ్గర అచ్చు బొమ్మలు బోలెడున్నాయి, అలాంటిది ఒక్కటీ లేదు.

ఈ చాకిరీ చూసి మా ఆవిడ దెప్పేది. పిన్నమ్మకి ఊరి చెత్తంతా మోస్తారు, మన వాకిట్లో చెత్త తియ్యమంటే మాత్రం చీపురు ఎక్కడుందో తెలియదంటారు అని.

ఒకసారి వట్టి చేతుల్తో వచ్చాను. ఇవాళ ఊళ్ళో ఏమీ జరగలేదు పిన్నమ్మా అన్నాను. "ఏమీ జరగని రోజంటూ ఉండదు నాయనా. మనం చూళ్ళేదంతే. ఆ పేజీ ఖాళీగా ఉంటే ఆ రోజు నేను బతికిలేనని అనుకుంటాడు మీ బాబాయి," అంది. నా పంచె అంచున వేలాడుతున్న దారప్పోగు లాగి, ఆ రోజుకి అదే అతికించింది.

వానాకాలం చివర మిలటరీ లారీలు వచ్చినప్పుడు ఏమడిగిందో తెలుసా, లారీ ముక్క. లారీకి ముక్కేమిటి పిన్నమ్మా అంటే, ఏమో, నువ్వు బేరగాడివి, నీకే తెలియాలి అంది. చివరికి రోడ్డు మీద బురదలో గోధుమరంగు కాయితం పరిచి పక్కకి తప్పుకున్నాను. కాపలా సిపాయి నన్ను వాడి భాషలో నాలుగు తిట్టాడు. లారీ మాత్రం కాయితం మీంచే పోయింది. టైరు అచ్చు గళ్ళుగళ్ళుగా పడింది. తడి ఆరకుండా రెండు చేతుల మీద పట్టుకొచ్చాను. అది చూసి పిన్నమ్మ నవ్వినంత నవ్వు మళ్ళీ నేను వినలేదు. లారీలొచ్చాయంటే దారి తెరుచుకున్నట్టే. దారి తెరుచుకుంటే బాబాయి వచ్చేసినట్టే.

వారం చూసింది. రాలేదు. నన్ను పిలిచి, "వెళ్ళి చూసిరా నాయనా. కనపడితే ఏమీ అడగొద్దు. వెంటబెట్టుకు రా, అంతే," అంది.

కోదాడ దాకా ఏదో లారీ పట్టుకుని, అక్కణ్ణుంచి నడిచి వెళ్ళాను. దర్గా చూసుకునే ముజావరు నా ఊరి పేరు వినగానే తల దించుకుని నన్ను వెనకవైపుకి తీసుకెళ్ళాడు. రెండు రాళ్ళు, మధ్య మట్టి. మట్టి మీద అప్పటికే జానెడు గడ్డి. నెల దాటిందన్నాడు. విషజ్వరం, మూడు రోజులు. కబురు పంపుదామంటే దారి లేదన్నాడు. పనిముట్ల సంచి ఇంకో ఊళ్ళో తన తమ్ముడి దగ్గరుంది, వీలు చూసి పంపిస్తానన్నాడు. నేను సరేనని వచ్చేశాను.

దారి పొడుగునా ఎట్లా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. ముందు మా ఆవిణ్ణి వాళ్ళింటికి పంపించాలి, తరవాత మసీదు మౌల్వీ గార్ని పిలవాలి, ఆయన చేత చెప్పించాలి, అని. అంతా సిద్ధంగానే ఉంది. అరుగు దగ్గరికి వచ్చేసరికి పిన్నమ్మ తెర మూల ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. చేతులు గోరింటాకుతో ఎర్రగా ఉన్నాయి. ఆ రోజు పేజీ ముందే తయారుచేసి పెట్టుకుంది. ఎర్రరంగు అద్ది, చుట్టూ తగరపు అంచు అతికి, నడుమ అరచెయ్యంత ఖాళీ ఉంచింది. "మీ బాబాయి చెయ్యి ఇక్కడ అద్దిస్తా," అంది. నా వెనక వీధిలోకి చూసింది.

మా వ్యాపారంలో ఒక మాటుంది. కొట్లో లేని సరుకు ఎవరైనా అడిగితే లేదని చెప్పం. రేపొస్తుందండీ అంటాం. రోజుకి ఇరవైసార్లు అంటాం. ఆలోచించి అనం, నాలిక దానంతటదే అనేస్తుంది. అదే అన్నాను ఆవిడతో కూడా. బాబాయి అక్కడ లేడు, పని దొరికి సూర్యాపేట వైపు వెళ్ళాడంట, వస్తాడంట అని.

"బాగున్నాడన్నారా?"

"బాగున్నాడన్నారు పిన్నమ్మా."

ఆవిడ ఆ ఖాళీ మీద చెయ్యి పెట్టి చూసుకుని, సరే, ఇది ఆగుద్దిలే అంది.

ఇంటికొచ్చి మా ఆవిడకి నిజం చెప్పాను. తను మొత్తుకోలేదు, అరవలేదు. రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పెయ్యండి అంది. ఆ రేపు వచ్చింది, నేను చెప్పలేదు. మర్నాడూ అంతే. రోజు గడిచేకొద్దీ చెప్పవలసింది పెరుగుతూ వచ్చింది. మొదట చావు ఒక్కటే. తరవాత చావూ, నేను దాచిన ఒక రోజూ. ఆ తరవాత చావూ, పది రోజులూ. సాయంత్రం అరుగు దగ్గర ఆగాలంటే కాళ్ళు రావటం లేదు. ఆగకపోతే అనుమానం వస్తుంది. నందిగామ సంతకి ఒక రోజు వెళ్ళేవాణ్ణి రెండు రోజులు ఉండిపోవటం మొదలుపెట్టాను. అక్కడ కూర్చున్నా చేతికి తగిలిన ప్రతి ముక్కా ఈ రోజు పేజీకి పనికొస్తుందా అని చూసేవాణ్ణి. చందర్లపాడు రైతు ఒకాయన గోతంలోంచి జారిన పత్తి, మిరపకాయ తొడిమ, జోళ్ళు కుట్టే ఆయన పారేసిన తోలు పోగు. అన్నీ తెచ్చి ఇచ్చాను. అబద్ధాన్ని మోస్తూనే ముక్కలూ మోశాను. ఆవిడ ఎప్పటికన్నా రంగులు ఎక్కువ వేసింది ఆ నెలల్లోనే.

"ఆవిడ తెర వెనకాల ఇరుక్కుంది, సరే. మీరెక్కడ ఇరుక్కున్నారో చూసుకోండి," అంది మా ఆవిడ ఒకరోజు అన్నం వడ్డిస్తూ. తను చెప్తానని కూడా అంది. వద్దన్నాను. నేనే చెప్తానన్నాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, అసలు తప్పు ఇదే. వాళ్ళలో భర్త పోతే భార్య ఇద్దత్ పాటించాలి. నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా, గాజులూ గోరింటాకూ రంగు బట్టలూ లేకుండా కూర్చోవాలి. ఆ సంగతి నాకు తెలియదని బొంకను, తెలుసు. కబురు తెలిసిన రోజునుంచి ఆ లెక్క మొదలవుతుందని అనుకున్నాను. మనకి మైల ఎప్పుడు తెలిస్తే అప్పటినుంచి పట్టినట్టు. ఎప్పుడు చెప్తే అప్పుడే కూర్చుంటుంది, తొందరేముంది, ఇంకో నాలుగు రోజులు గోరింటాకు పెట్టుకోనీ అని నా మనసుకి నేనే సర్దిచెప్పుకున్నాను.

చలికాలంలో ఒక మధ్యాహ్నం ముజావరు తమ్ముడు పనిముట్ల సంచి భుజాన వేసుకుని మా బజారుకొచ్చాడు. నా కొట్టు ముందునుంచే వెళ్ళాడు. ఆ సంచి నాకు తెలుసు. నేను కొట్టు వదిలి పరిగెత్తుకెళ్ళేలోపల వాళ్ళ అరుగు మీద పెట్టి సలాం చేసి చెప్పేశాడు. పాపం, ఆవిడకి తెలుసనే అనుకున్నాడు. మీ పక్కింటి కొట్టాయన వచ్చి చూసివెళ్ళారు కదమ్మా అని కూడా అన్నాడు.

మౌల్వీ గారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పిన్నమ్మ తెర లోపల. మా ఆవిడ ఆవిడ పక్కన. నేను మెట్టు కింద నిలబడ్డాను. బాబాయి పోయిన తేదీ ఆ వచ్చినాయన్ని అడిగి, మౌల్వీ గారు వేళ్ళ మీద నెలలు లెక్కేశారు. రెండోసారి కూడా లెక్కేశారు.

"లెక్క పోయిన రోజునుంచేనమ్మా. తెలిసిన రోజునుంచి కాదు," అన్నారు. "గడువు దాటి పన్నెండు రోజులైంది. నువ్విప్పుడు కూర్చోవలసింది ఏమీ లేదు."



"నేను కూర్చోకుండానే అయిపోయిందా అండీ?" అంది పిన్నమ్మ.

మౌల్వీ గారు లేచి జోళ్ళు వేసుకునేటప్పుడు నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు.

లోపల ఏం జరిగిందో మా ఆవిడ చెప్తే విన్నాను. పిన్నమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఆ రోజు పేజీనుంచి వెనక్కి ఒక్కొక్కటే తిప్పుతూ లెక్కపెట్టిందట. చదువు రాకపోయినా రోజుకి పేజీ తప్పలేదు కదా, లెక్క తప్పదు. బాబాయి పోయిన రోజు పేజీ దొరికింది. ఆకుపచ్చ గాజు పెంకులు, పువ్వులాగా అతికించి ఉన్నాయి. ఆ రోజు మలారం భుజానేసుకుని గాజులమ్మేవాడు వచ్చాడు. కొత్త గాజులు వేయించుకుని, చేతి మీద చిట్లిన రెండు గాజుల్ని ఆ రోజు ముక్కగా అతికించుకుంది.

తరవాత నన్ను పిలిచింది. తెర ఎత్తలేదు.

"నాయనా, నువ్వు వెళ్ళి చూసొచ్చావు కదా."

"చూసా పిన్నమ్మా."

"అప్పటికి మట్టి మీద గడ్డి మొలిచిందా?"

"మొలిచింది."

"మరి అక్కణ్ణుంచి ఏమీ తేలేదా?"

ఊళ్ళో పనికిరాని ప్రతి ముక్కా ఏరి తెచ్చినవాణ్ణి. అక్కణ్ణుంచి గడ్డిపోచ కూడా తేలేదు. ఆవిడ లోపలినుంచి తెరని గోడకి దగ్గరగా లాగి కట్టేసింది. ఆ బెత్తెడు సందు మూసుకుపోయింది.

మర్నాడు మా ఆవిడ వచ్చి, పిన్నమ్మ సున్నం అడుగుతోంది, మీరే తేవాలంట అంది.

కూర్చోనక్కర్లేదని మౌల్వీ గారన్నా పిన్నమ్మ కూర్చుంది. అది వాళ్ళ లెక్క, నా లెక్క నా పుస్తకంలో ఉంది అందట. గాజులు తీసేసింది. బాబాయి పోయిన రోజునుంచి మొదలుపెట్టి, రోజుకో పేజీ చొప్పున తెల్లసున్నం పూసింది. తెలియక రంగులేసుకున్న ఆ గడువు రోజులన్నిటినీ ఒక్కొక్కటిగా, వరసలో, మళ్ళీ గడిపింది. నూటముప్పై పేజీలు. అరచెయ్యంత ఖాళీ ఉన్న పేజీ కూడా అందులోనే పోయింది.

నా పని సున్నం. రాతి సున్నం తెచ్చి నీళ్ళలో విరగ్గొట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, తేరిన ముద్దని పిడతలో వేసి అరుగు మీద పెట్టేవాణ్ణి. తెర కింది అంచు లేచేది, చెయ్యి వచ్చేది, బోసి చెయ్యి. పిడత లోపలికి పోయేది. నాతో మాట లేదు. కాసేపటికి ఈతపుల్ల చివర నలగ్గొట్టి చేసుకున్న కుంచె కాయితం మీద గరగరమనటం వినపడేది. అది ఆగేదాకా వీధిలోనే నిలబడేవాణ్ణి.

వారం పోయాక తిరిగొచ్చిన పిడతలో అడుగున మిగిలిన సున్నం వేలితో నలిపి చూశాను. వట్టి సున్నం. జిగురు లేదు. జిగురు కలపని సున్నం ఎండగానే పెచ్చులూడుతుంది, గోడలకి వెల్ల వేసే ప్రతివాడికీ తెలుసు. అట్టల పని చేసిన ఇల్లాలికి తెలియదా. దుఃఖంలో మర్చిపోయిందనుకున్నాను. మర్నాడు పిడత పక్కనే చిప్పలో చింతగింజల జిగురు, మా ఆవిడ చేత ఉడికించి, చల్లార్చి మరీ పెట్టాను. పిడత లోపలికి వెళ్ళింది. చిప్ప అరుగు మీదే ఉండిపోయింది. ఆ మర్నాడు కూడా పెట్టాను. ఈసారి ఆ చెయ్యి చిప్పని మెల్లగా నా వైపుకి తోసింది.

నూటముప్పై ఒకటో రోజు సాయంత్రం నేను కొట్టు కట్టేసి వస్తుంటే తెర కాస్త వదులుగా ఉంది. నన్ను పిలిచింది. మనిషి చిక్కి సగమైంది. పుస్తకం నా చేతుల్లో పెట్టి, "నీ దగ్గరుంచు. తెచ్చినవాడివి నువ్వేగా," అంది.

అది క్షమించటమో, శిక్ష వెయ్యటమో ఇప్పటికీ నాకు తెలియదు. అడుగుదామని నోరు తెరిచాను. ఈలోపల ఆవిడే, "ఇవాళ ఏం తెచ్చావు?" అంది.

ఏమీ తేలేదు. రేపు తెస్తా పిన్నమ్మా అన్నాను.

"రేపనకు నాయనా. నీ రేపులు నేను చూశా," అంది. ముఖాన నవ్వు ఉందో లేదో ఆ చీకట్లో కనపడలేదు.

ఆ తరవాత ఆవిడ కొత్త పుస్తకం మొదలుపెట్టలేదు. బాబాయి సంచిలో పనిముట్లు తీసి బడి పిల్లల పుస్తకాలకు అట్టలు కట్టింది, నా కొట్లోనే తీసుకునేవాళ్ళు, ఇచ్చేవాళ్ళు. బాబాయి సమాధి చూడలేదు. ఆడవాళ్ళు అక్కడికి పోకూడదు, పోదామన్నా తీసుకెళ్ళే మనిషి లేడు. నేను రెండుసార్లు వెళ్ళి వచ్చి అక్కడ ఏముందో, ఏ చెట్టు నీడ పడుతుందో ఉన్నదున్నట్టు చెప్పాను. వింది. రెండుసార్లూ అక్కడి మట్టి చిటికెడు తెచ్చి ఇచ్చాను. కొంగున కట్టుకుంది, ఎక్కడా అతికించలేదు. మొన్న జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచాన పడింది. సంతకి పోయేముందు అరుగు దగ్గర ఆగి, వెళ్ళిరానా పిన్నమ్మా అంటే, వెళ్ళిరా, బేరం పోతే మళ్ళీ రాదు అంది.

పుస్తకం ఇప్పుడు నా కొట్లో పలకల పక్కన అలమరలో ఉంది. చూసినవాళ్ళు సలహాలు చెప్తున్నారు, పల్చటి జిగురు నీళ్ళు పైపైన పూస్తే ఆ తెలుపు నిలుస్తుందయ్యా, లేకపోతే మొత్తం పోతుంది అని. జిగురు సీసాలు ఆ అలమరలోనే, కింది అరలో ఉన్నాయి. నేను ముట్టుకోలేదు.

నిన్న పొద్దున అలమర తెరిస్తే చెక్క మీద ముగ్గు రాలినట్టు సున్నం పడి ఉంది. పుస్తకం తీసి, సున్నం రాలిన చోట తెరిచి చూశాను. ఒక పేజీలో సగానికి సగం తెలుపు ఊడిపోయింది. కిందనుంచి బచ్చలిపళ్ళ రంగు, దాని మీద ఏదో చిన్న ఆకు. ఏ రోజుదో, ఏ దారిలో కోసుకొచ్చానో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. మెల్లగా ఊదాను. ఇంకాస్త రాలింది. ఆకంతా బయటపడింది గానీ, దాని ఈనెల సందుల్లో సన్నసన్నగా తెలుపు ఇంకా ఇరుక్కునే ఉంది.